పెళ్ళి గుర్రానికి ముసలితనం వస్తే

కార్తీక శుక్ల ఏకాదశి దాటితే గుజరాత్‌లో పెళ్ళి బాజాలు మొదలవుతాయి. సూరత్ నగరానికి ఉత్తరాన, తపతీ నది ఆవలి గట్టున, రైలులో ఉత్రాణ్ దాటగానే వచ్చే స్టేషను కోసాడ్. ఒకప్పుడు పల్లె, మరమగ్గాల నగరం పెరిగి పెరిగి తనలో కలుపుకొన్న పేట నేడు. పేదలకు కట్టించిన ఇళ్ళు అక్కడ వరుసలు వరుసలుగా నిలిచి ఉన్నాయి. పెళ్ళిళ్ళ రోజులలో ఆ ఇళ్ళ మధ్య సందులలోనుంచి కూడా ‘వరఘోడో’ బయలుదేరుతుంది. వరుడు గుర్రమెక్కి వెళ్ళే ఊరేగింపునకు గుజరాతీలు పెట్టుకొన్న పేరది. పేరులోనే గుర్రమున్నది.

దీపాలు, బాజాలు, బాణసంచా. గుర్రం నుదుట కుచ్చులు, వీపున జరీ గుడ్డ. ఆ గుడ్డ క్రింద పక్కటెముకలు ఎన్ని తేలి ఉన్నవో, లాడం పైన గిట్ట ఎంత వేడెక్కి ఉన్నదో ఊరేగింపులో నాట్యమాడేవారికి తెలియదు. తెలిసినవాడు ఒక్కడే: కళ్ళెం పట్టుకొని ముందు నడిచేవాడు.

అతని పంచాంగం వేరు. ఆషాఢ శుక్ల ఏకాదశినాడు విష్ణుమూర్తి నిద్రకు ఉపక్రమిస్తాడు. కార్తీకంలో గాని లేవడు. ఆ నాలుగు నెలలు ముహూర్తాలుండవు. డిసెంబరు నడుమ నుండి సంక్రాంతి దాకా మరల ఒక నెల ‘కమూర్తా’ అని పెళ్ళిళ్ళు ఆగిపోతాయి. కాని గుర్రం కడుపునకు చాతుర్మాస్యం లేదు. మూడున్నర వందల కిలోల బరువున్న గుర్రం ప్రతిదినం అయిదు నుండి ఏడు కిలోల ఎండు మేత తినాలి. ఇరవై అయిదు లీటర్లకు తగ్గకుండా నీళ్ళు త్రాగాలి, వేసవిలో అంతకు రెట్టింపు కూడా. ‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ సామెతలోని విసుగు బరువేమిటో, ఇరవై యేండ్లు దాటిన గుర్రాన్ని కొట్టంలో కట్టుకొన్నవానికే తెలుస్తుంది.

పాకలో కట్టి ఉన్న అటువంటి ముసలి గుర్రానికి ఏమవుతుంది? దాని యజమాని ఏమి చేయగలడు? ఈ ప్రశ్న సూరత్‌కు కొత్తది కాదు.  1689లో ఈస్టిండియా కంపెనీ ఓడపై మతబోధకునిగా బయలుదేరి సూరత్‌కు వచ్చిన జాన్ ఓవింగ్‌టన్, పట్టణానికి మైలు దూరంలో వణిక్కులు నడుపుతున్న ఒక పశు వైద్యాలయాన్ని గురించి వ్రాశాడు. ఆవులు, గుర్రాలు, మేకలు, కుక్కలు. వీటిలో రోగగ్రస్తమైనవీ, కుంటివీ, కేవలం వార్ధక్యం వల్ల క్షీణించినవీ అక్కడ ఆశ్రయం పొందేవి. ఎద్దు పని మానగానే కసాయికి పోయే దేశం నుండి వచ్చినవానికి అది వింతగా తోచడంలో వింత లేదు.

మరి ఎనభై యేండ్లు దాటాక, 1772లో, కంపెనీ ఉద్యోగి జేమ్స్ ఫోర్బ్స్ అదే సంస్థను చూచాడు. ఎత్తైన గోడల మధ్య విశాలమైన స్థలం. జంతువుల కోసం విడివిడిగా ఆవరణలు. కాలు విరిగిన జంతువును గాని, యజమానికి పనికిరాకుండా పోయినదానిని గాని అక్కడికి తోలుకొని వస్తే చాలు, యజమాని కులమేదని అడగకుండా చేర్చుకొనేవారు. గుర్రాలు, కంచర గాడిదలు, ఎద్దులు, మేకలు, కోతులు, పక్షులు అప్పుడు అక్కడ ఉన్నవి. డెబ్బది అయిదేండ్లుగా అక్కడే ఉంటున్నదని చెప్పిన ఒక ముసలి తాబేలు కూడా ఉన్నది. ఈ వివరాలు 1813లో అచ్చయిన అతని స్మృతులలో ఉన్నాయి. తరువాత 1823లో చూచివచ్చిన అలెగ్జాండర్ బర్న్స్ కూడా దీనిని గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. గుజరాతీలు ‘పాంజరాపోళ్’ అనే ఈ సంప్రదాయం జైన వైష్ణవ వర్తకుల అహింసావ్రతం నుండి పుట్టింది. వడ్డీ లెక్కలో దమ్మిడీ వదలని వ్యాపారులు ఏ ప్రతిఫలమూ ఇవ్వలేని జంతువుల మేతకు లాభంలో వంతు తీసి పెట్టడం ఆలోచించదగిన సంగతి.

అయితే గోడల మధ్య మేత వేయడం వేరు, వ్యాధిని కనిపెట్టి దినదినమూ దానితో పోరాడడం వేరు. మూగజీవి ముసలితనం ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవాలంటే ముందు దాని నోరు తెరిచి చూడాలి.

గుర్రపు దవడ పళ్ళు మన పళ్ళవంటివి కావు. అవి దవడలో లోతుగా దాగి ఉండి, సంవత్సరానికి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున పైకి వస్తూ, గడ్డిని నమిలి అరిగిపోతూ ఉంటాయి. ఒక విధంగా భగవంతుడు గుర్రానికి ఆయుర్దాయాన్ని పంటి రూపంలో కొలిచి ఇచ్చాడనవచ్చును. ఇరవై అయిదు, ముప్పై యేండ్లు వచ్చేసరికి ఆ నిలువ తీరిపోతుంది. సంతలో గుర్రాన్ని కొనేవారు పై వరుస చివరి ముందుపంటిపై నిలువు గాడిని చూచి వయస్సు కడతారు. పదవ యేట ఆ గాడి చిగురు దగ్గర కనిపిస్తుంది; ఇరవయ్యవ యేటికి పంటి పొడవునా సాగుతుంది; ముప్పయ్యవ యేటికి అరిగి మాయమవుతుంది. ఇది స్థూలమైన లెక్కే గాని, అమ్మేవాని మాటకంటె నమ్మదగినది.

పళ్ళు అరిగిన గుర్రం గడ్డిని నోటిలో ఉండగా చుట్టి, నమలలేక, తడి ఉండలుగా క్రింద పడవేస్తుంది. తొట్టి ప్రక్కన అటువంటి ఉండలు కనిపిస్తే యజమాని ఆ దినమే మేత మార్చాలి. కొందరు దాణా పెంచుతారు. ఇది పొరపాటు. సరిగా నమలని ఎండుగడ్డి పేగులలో అడ్డుపడి శూల తెస్తుంది. గుర్రానికి వాంతి చేసుకొనే శక్తి లేదు గనుక లోపలికి పోయినది వెనుకకు రాదు. చొప్పను సన్నగా నరికి, తవుడుతో, నలగగొట్టిన శనగలతో కలిపి, జావకు కొంచెం గట్టిగా ఉండేంతవరకు నీళ్ళలో నానబెట్టి పెట్టాలి. తెలుగుదేశంలో మన పూర్వులు గుర్రాలకు ఉలవలను ఉడికించి గుగ్గిళ్ళుగా పెట్టడంలో ఈ ఇంగితమే ఉన్నది. తవుడు మాత్రం మితిమీరకూడదు. అందులో భాస్వరం హెచ్చు, సున్నం తక్కువ. నెలల తరబడి తవుడే పెడితే శరీరం ఎముకలలోని సున్నాన్ని తోడుకొంటుంది, ముఖపుటెముకలు ఉబ్బుతాయి. పూర్వం పిండిమరల దగ్గర పెరిగిన గుర్రాలకు ఈ జబ్బు వచ్చేది. గుజరాత్‌లో ‘రజకో’ అని పిలిచే లూసర్న్ గడ్డి సున్నం పుష్కలంగా ఉన్నది. కొద్దిగా చేర్చితే ఆ లోటు తీరుతుంది.

గుర్రం చిక్కుతున్నదా, బలుస్తున్నదా అన్నది కంటికి వెంటనే తెలియదు. ముసలి గుర్రానికి వెండ్రుకలు దట్టమై పక్కటెముకలను దాచివేస్తాయి. అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయాలలో ఒకదానిలో పరిశోధించిన డాన్ హెన్నెకే 1983లో ఒక కొలమానం ప్రకటించాడు: మెడ, భుజం వెనుక, పక్కటెముకలు, వెన్ను, తోక మొదలు, వీటిని చేతితో తడిమి ఒకటి నుండి తొమ్మిది వరకు అంకె వేయడం. దీనికి యంత్రం అక్కరలేదు. చదువురాని సాయీసు కూడా పదిహేను రోజులకొకసారి కళ్ళు మూసుకొని తడిమి చెప్పగలడు.

వెండ్రుకల మాట వచ్చింది గనుక ఒక విశేషం చెప్పాలి. సూరత్ వేసవిలో కూడా గుర్రం శీతకాలపు వెండ్రుకలు రాల్చకుండా ఉంగరాలు తిరిగిన దట్టమైన రోమాలతో చెమటలు కక్కుతూ నిలబడితే, అది ముసలితనపు అందం కాదు. తలలోని పీయూష గ్రంథికి వచ్చిన వ్యాధి. మెదడు నుండి ఆ గ్రంథిని అదుపులో ఉంచే డోపమీన్ అనే ద్రవ్యం వయస్సుతో తరిగిపోతుంది. గ్రంథి పట్టు తప్పి హార్మోనులను కుమ్మరిస్తుంది. గుర్రం నీళ్ళు అధికంగా త్రాగుతుంది, వెన్నుమీది కండ కరుగుతుంది, పుండ్లు మానవు. ఆస్ట్రేలియాలో జరిపిన ఒక పరిశీలనలో పదిహేనేండ్లు దాటిన గుర్రాలలో సుమారు అయిదింట ఒకదానికి ఈ వ్యాధి కనిపించింది. మనుష్యులలో వణుకుడు వ్యాధికి వాడిన పెర్గోలైడ్ అనే మందే దీనికీ మందు. గుండె కవాటాలను చెరుస్తున్నదని అమెరికాలో 2007లో మనుష్యుల వాడకం నుండి దానిని తొలగించారు. 2011లో అక్కడే గుర్రాలకు అనుమతించారు. ప్రతిదినం, బ్రతికినంతకాలం ఇవ్వాలి. పెళ్ళి గుర్రంపై బ్రతికేవానికి ఆ ఖర్చు ఎంత దూరమో వేరుగా చెప్పనక్కరలేదు. కాని ఆ రోమాలను వేసవిలో కత్తిరించివేయడం, పుండ్లను శుభ్రపరచడం, తియ్యని మేతలు మానిపించడం, ఇవి డబ్బుతో పని లేనివి.

తియ్యని మేత అంటే బెల్లం. ప్రేమకొద్దీ పెట్టేది. ఉత్తరాది పెళ్ళిళ్ళలో వరుని అక్కచెల్లెండ్రు నానబెట్టిన శనగపప్పును గుర్రానికి తినిపించడం ఆచారం. అతిథులు మిఠాయిలు అందిస్తారు. ఒక ముహూర్తపు రాత్రి మూడు ఊరేగింపులలో నడిచిన గుర్రం ఎంత తిన్నదో ఎవరు లెక్కించారు? గ్రంథి వ్యాధి ఉన్న ముసలి గుర్రంలో ఇటువంటి తీపి, పిండి పదార్థాలు నెత్తురులో ఇన్సులిన్‌ను ఉప్పెనగా లేపుతాయి. గిట్ట లోపలి ఎముకను గిట్ట గోడకు పట్టి ఉంచే సున్నితమైన పొరలు ఊడిపోతాయి. దేహపు బరువంతా ఆ పొరలమీదనే వ్రేలాడుతున్నదని గుర్తుంచుకొంటే ఆ బాధ ఎటువంటిదో ఊహించవచ్చును. మడమలపై బరువు వేసి, ముందు కాళ్ళు చాచి నిలబడే గుర్రం, మలుపు తిరగడానికి జంకే గుర్రం, గిట్ట పైన వ్రేలు పెడితే నాడి దడదడలాడే గుర్రం. ఇవి వైద్యుని అదే పూట పిలువవలసిన గుర్తులు. వచ్చేలోగా దాణా ఆపి, మెత్తని ఇసుకపై నిలిపి, గిట్టలకు మంచుముక్కలు కట్టవచ్చును. తారురోడ్డుపై నడిపించడం క్రౌర్యం. పరుగు పందెముల చరిత్రలో అసమానమైన సెక్రెటేరియట్‌కు కోట్ల విలువ ఉన్నది, వైద్యులకు కొదువ లేదు. 1989 అక్టోబరులో పందొమ్మిదవ యేట ఈ గిట్ట జబ్బే దానిని నేలకూల్చింది.

ఇక కోసాడ్ వంటి చోట చాతుర్మాస్యమే వర్షకాలం కూడా. సంపాదన లేని నెలలూ, జబ్బుల నెలలూ ఒక్కటే. నిలువ చేసిన చొప్పకు చెమ్మ తగిలి బూజు పడుతుంది. ఆ బూజు ధూళి ముసలి గుర్రపు ఊపిరితిత్తులలో ఉబ్బసం రేపుతుంది. గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు. ముక్కుపుటాలు విప్పార్చి, పొట్టను రెండుసార్లు బిగించి గాలిని బయటకు నెడుతుంది. ఇలా నెలలు సాగితే పొట్ట క్రింద కండ గీతవలె తేరిపోతుంది. ఏ మందు వాడినా ధూళి పోనిదే తగ్గదు. గడ్డిని నీళ్ళలో ముంచి తీసి పెట్టడం, పాక ఊడ్చేటపుడు గుర్రాన్ని బయట కట్టడం, మరమగ్గాల నూలుధూళి వచ్చే వైపు నుండి మార్చి కట్టడం. సగం వైద్యం ఇందులోనే ఉన్నది.

జోరీగలు మూసిరే కాలమూ ఇదే. వాటితో ‘సర్రా’ వస్తుంది. పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు వ్యాధిగ్రస్తమైన గుర్రాల, ఒంటెల నెత్తురులో ఈదులాడుతున్న సూక్ష్మజీవిని చూచాడు. అది ఈ తెగ సూక్ష్మజీవి క్షీరదాలలో వ్యాధి కలిగిస్తుందని తొలిసారి నిరూపించిన సంఘటన. పై అధికారులు అప్పట్లో నమ్మలేదు. జ్వరం వస్తుంది, పోతుంది, మరల వస్తుంది. కాళ్ళు వాచి, తిండి తింటూనే గుర్రం చిక్కిపోతుంది. ‘ముసలిది, అందుకే చిక్కింది’ అని యజమాని సమాధానపడే చిక్కుడులలో ఒక వంతు వార్ధక్యం కాదు, చికిత్స ఉన్న ఈ వ్యాధే. ఒక్క నెత్తురు చుక్క అద్దంపై చూస్తే సందేహం తీరవచ్చును.

కీళ్ళ నొప్పికి ఫినైల్‌బ్యుటజోన్ వంటి మందులు తప్పవు. కాని వైద్యుడు చెప్పిన మోతాదు దాటి నెలల తరబడి వాడితే పొట్టలో పుండ్లు, మూత్రపిండాల చేటు. పెళ్ళిళ్ళ రోజులలో నొప్పిని అణచి గుర్రాన్ని నడిపించాలని ఈ మందులు వాడే ప్రమాదం ఉన్నది. ఆ రాత్రికి కుంటు కనబడదు. కీలు మాత్రం అరుగుతూనే ఉంటుంది. 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం వయస్సుచేతగాని, వ్యాధిచేతగాని పనికి తగని జంతువుతో పని చేయించడాన్ని నేరమన్నది. ఆకలిదప్పులతో మాడేటట్లు వదలివేయడం కూడా నేరమేనన్నది. ఈ రెండు నిషేధాల నడుమ యజమాని నిలబడి ఉన్నాడు: పని చేయించరాదు, వదలరాదు. మేతకు డబ్బు ఎక్కడినుండి వస్తుందో చట్టంలో లేదు.

ప్రభుత్వ సేవలోని గుర్రాల భాగ్యం వేరు. రాష్ట్రపతి అంగరక్షక దళంలో ‘విరాట్’ అనే గుర్రం 2003లో హెంపూర్ డిపో నుండి వచ్చి చేరింది. పదమూడుసార్లు గణతంత్ర దినోత్సవ కవాతులో నడిచింది. 2022 జనవరిలో సైన్యాధిపతి ప్రశంసాపత్రం పొందింది. ఆ 26వ తేదీన కవాతు ముగిశాక రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్, ప్రధానమంత్రి నరేంద్ర మోదీ దాని నుదుటిని నిమిరి వీడ్కోలు చెప్పడం దేశమంతా టెలివిజనులో చూచింది. దళమే దానిని పోషించే ఏర్పాటు చేసింది. విరాటుని కొలువులో నకులుడు మారుపేరుతో గుర్రాలు కాచాడని భారతం చెబుతుంది. ఇక్కడ గుర్రానికే విరాటుని పేరు దక్కింది.

లండనులో 1982 జూలై 20న హైడ్ పార్కు దగ్గర పేలిన బాంబుకు నలుగురు సైనికులు, ఏడు గుర్రాలు బలి అయినారు. పందొమ్మిదేండ్ల ‘సెఫ్టన్’ ముప్పైనాలుగు గాయాలతో బ్రతికింది. మెడలోని పెద్ద రక్తనాళం తెగి, ఒక కన్ను దెబ్బతిన్నది. అయినా కోలుకొని తిరిగి కొలువుకు వచ్చింది. 1984లో దానిని గుర్రాల విశ్రాంతి గృహానికి పంపారు. అక్కడ తొమ్మిదేండ్లు గడిపింది. పాత గాయాల వల్ల కుంటితనం ముదిరి, ఇక మాన్పలేమని తేలినపుడు, 1993 జూలైలో ముప్పయ్యవ యేట వైద్యులు నొప్పి లేకుండా దాని ప్రాణం తీశారు. దేశమంతా ప్రేమించిన గుర్రం విషయంలో కూడా ఆ నిర్ణయం తప్పలేదు.

ఈ విషయంలో డొరతీ బ్రూక్ కథ మరింత గట్టిది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటిషు సైన్యం వేలాది గుర్రాలను ఈజిప్టులో అమ్మివేసింది. 1930లో భర్తతో కైరో చేరిన ఆమె, ఎముకల గూళ్ళయి బండ్లు లాగుతున్న ఆ ముసలి గుర్రాలను వీధులలో గుర్తుపట్టింది. 1931 ఏప్రిల్‌లో లండను పత్రిక ‘మార్నింగ్ పోస్ట్’కు ఆమె వ్రాసిన లేఖకు విరాళాలు వెల్లువెత్తాయి. మూడేండ్లలో సుమారు అయిదు వేల గుర్రాలను కొన్నది. కొని ఏమి చేసింది? కడుపునిండా మేత, మెత్తని పరుపు, కొద్దిదినాల విశ్రాంతి ఇచ్చి, వాటిలో ఎక్కువ భాగానికి ప్రశాంతమైన మరణం ఇప్పించింది. గుర్రాలను అమ్మిన పేదలను ఆమె నిందించలేదు. వారికి మరొక గుర్రం కొనుక్కొనే వెల ఇచ్చింది. 1934లో కైరోలో వారి జంతువులకే ఉచిత వైద్యశాల తెరచింది. ఆమె పేరిటి సంస్థ నేడు భారతదేశంలో కూడా పని చేస్తున్నది.

పాంజరాపోళ్ వర్తకుడు ఈ మరణాన్ని ఒప్పుకోడు. మాన్పలేని బాధలో ఉన్న జంతువును విముక్తం చేయడానికి మన చట్టంలో అవకాశమున్నా, సూరత్ సంప్రదాయంలో చంపడమంటే చంపడమే. ఏది హెచ్చు దయ అన్న వాదం తేలదు. అయితే లేవలేక పడిపోయిన గుర్రం ప్రక్కన, దాని సొంత బరువే ఊపిరితిత్తులను నొక్కుతుండగా, రాత్రంతా కూర్చున్నవారు సాధారణంగా ఒక వైపునకే మొగ్గుతారు. వైద్యులు చెప్పే మాట చిన్నది: ఆ నిర్ణయానికి కావలసిన గుర్తులు గుర్రం ఆరోగ్యంగా ఉన్నప్పుడే వ్రాసి పెట్టుకోండి. తినడం మానిందా, పడుకొంటే లేవగలుగుతున్నదా, తోటి గుర్రాన్ని పిలుస్తున్నదా. బాధ ముంచుకొచ్చిన రాత్రి కన్నీళ్ళ మధ్య ఆలోచించలేరు.

దేశంలో ఈ గుర్రాలు వేగంగా తగ్గిపోతున్నవి. 2012 పశుగణనలో ఆరు లక్షల పాతికవేలున్న గుర్రాలు, పొట్టిగుర్రాలు, 2019 నాటికి మూడు లక్షల నలభైవేలకు దిగినవి. బండి పోయింది, మిగిలిన కొలువులలో పెద్దది పెళ్ళి. చెవులు లోపలికి వంగి కొసలు కలుసుకొనే కాఠియావాడీ జాతి గుజరాత్ సొత్తు. సౌరాష్ట్ర నుండి వజ్రాల పనికి సూరత్ వలస వచ్చినవారికి అది పుట్టినూరి జ్ఞాపకం. తెలంగాణ నుండి వచ్చి సూరత్ మగ్గాలమీద స్థిరపడిన పద్మశాలీల పెళ్ళిళ్ళలో బరాత్ నడిచే వీధులూ ఇవే.

కార్తీకం వచ్చినది. కోసాడ్‌లో సాయంకాలం కొట్టం ముందు పడుచు గుర్రానికి జీను బిగుస్తుంది, కుచ్చులు కడతారు. బాజా విని వెనుక గుంజకు కట్టిన ముసలి గుర్రం చెవులు నిక్కించి, ముందు కాలితో నేల గీకి, ఒకసారి సకిలిస్తుంది. సాయీసు కుఱ్ఱవాడు తొట్టిలో నానిన మేతను చేత్తో కలిపి, ఉండలు లేవని చూచి, దాని ముందుకు జరిపి ఊరేగింపునకు పరుగెత్తుతాడు.